శ్రుతి నిలవని యంత్రాలంటే ఎందుకింత మోజు?

నలభై ఏళ్లనాటి టీవీ పెట్టెను పాతసామాన్ల కొట్టుకు తీసుకువెళ్లండి. తూకం వేసి, ఇనుముకింత, రాగితీగెకింత అని లెక్కకట్టి ఇస్తారు. ఎలక్ట్రానిక్ సరుకంతటికీ చివరకు పట్టే గతి ఇదే. కాని ఒక్క జాతికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. అవి పాతకాలపు ఎలక్ట్రానిక్ వాద్యాలు. 1970లో అమెరికాలో పుట్టిన మినీమోగ్ అనే సింథసైజరునూ, 1981లో జపానులో తయారైన టీబీ-303 అనే చిన్న పెట్టెనూ ఈనాటి సంగీతకారులు కొత్తలో వాటికున్న ధరకు కొన్నిరెట్లు ఇచ్చి మరీ కొంటున్నారు.

పోనీ, అవేమైనా ఈనాటి వాటికంటె గొప్పవా? మినీమోగ్ మీద ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు మీటలు కలిపి నొక్కినా ఒకటే మోగుతుంది. దానికి జ్ఞాపకం లేదు. నిన్న కుదుర్చుకున్న నాదం ఇవాళ మళ్లీ కావాలంటే నాబ్‌లన్నీ మొదటినుంచి తిప్పుకోవాలి. గది వేడెక్కితే శ్రుతి జారుతుంది. ఇక శబ్దాన్ని దాచుకుని తిరిగి వాయించే శాంప్లర్లున్నాయే, వాటిలో తొలినాటివి ఒకటి రెండు సెకన్ల శబ్దం దాచుకోగానే 'నిండిపోయాను' అనేవి. దాచుకోవడంలో మీ ఇంట్లోని సెల్‌ఫోను వాటికి లక్షలరెట్లు.

మరి ఈ మోజేమిటి? కొంత వట్టి వ్యామోహమే, సందేహం లేదు. పాతది కాబట్టి గొప్పదనేవాళ్లు అన్ని రంగాల్లోనూ ఉంటారు. కాని మిగిలినదానికి కారణాలున్నాయి. వాటిని చెవితో వినవచ్చు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని లెక్కలతో తేల్చుకోవచ్చు కూడా.

కొండరాయి, ఉలి

వీణ మీటితే తీగె ఊగుతుంది, గాలి ఊగుతుంది, మన కర్ణభేరి ఊగుతుంది. సింథసైజరులో మొదట ఊగేది విద్యుత్తు. డోలకం అనే వలయంలో వోల్టేజి సెకనుకు 220 సార్లు పెరిగి తగ్గుతూ ఉంటుందనుకోండి. దాన్ని పెద్దదిచేసి లౌడ్‌స్పీకరుకు అందిస్తే దాని అట్ట 220 సార్లు ఊగి మనకో స్వరం వినిపిస్తుంది.

వోల్టేజి ఎలా పెరుగుతున్నది, ఎలా తగ్గుతున్నది అన్నదే అసలు సంగతి. నెమ్మదిగా పెరిగి చటుక్కున పడిపోతే, కాగితం మీద గీసినప్పుడు రంపపు పళ్లలా ఉంటుంది. ఇందులో 220 ఒక్కటే ఉండదు. 440, 660, 880 అంటూ అనుస్వరాలన్నీ దాగి ఉంటాయి. రెండోదాని కంపన పరిమితి మొదటిదానిలో సగం, మూడోదానిది మూడోవంతు, అలా తగ్గుతూ పోతాయి. ఒకే స్వరం పలికినా ఇది వేణువు, అది వయొలిన్ అని మనం గుర్తుపట్టేది చాలావరకు ఈ అనుస్వరాల పాళ్లను బట్టే.

రంపపు తరంగం కొండరాయి వంటిది. అందులో అన్నీ ఉన్నాయి. శిల్పి ఏం చేస్తాడు? అక్కర్లేని రాయిని చెక్కేస్తాడు. సింథసైజరులో ఆ ఉలి పేరు ఫిల్టరు. ఈ ఉలిని మీరిప్పుడే వాడి చూడవచ్చు. శ్రుతి మార్చకుండా, ఊపిరి తెంపకుండా 'ఊ... ఓ... ఆ...' అనండి. గొంతులోని స్వరతంత్రులు ఒకే తీరున కంపిస్తున్నాయి. మారినదల్లా నోటి ఆకారం. మీ గొంతు డోలకం, మీ నోరు ఫిల్టరు.

రాబర్ట్ మోగ్ అనే అమెరికన్ ఇంజనీరు ట్రాన్సిస్టర్లను నిచ్చెన మెట్లలా జతలు జతలుగా పేర్చి ఇలాంటి నోటిని కట్టాడు. దానికి 1969లో పేటెంటు వచ్చింది. (ఆయన పేరును చాలామంది 'మూగ్' అని పలుకుతారు. ఆయన మాత్రం 'మోగ్' అనేవాడు. తెలుగువాళ్లం ఆయన మాటే వినడం మంచిది. వాద్యం మూగదైతే ఏం లాభం, మోగాలి గాని!)

కుడిచేత్తో మీటలు వాయిస్తూ ఎడమచేత్తో ఫిల్టరు నాబ్ తిప్పుతూ ఉంటే స్వరం నోరు తెరిచి మూసినట్టుంటుంది. మీటల పక్కనే ఒక చక్రం కూడా ఉంది. దాన్ని కదిలిస్తే స్వరం పక్క స్వరంలోకి జారుతుంది. హార్మోనియం మీద గమకం పలకదని మన సంగీతం మాస్టార్లు చెప్పే ఫిర్యాదు మీరు వినే ఉంటారు. దాని మీట నొక్కితే ఆ స్వరం, వదిలితే నిశ్శబ్దం. మధ్యలో ఏమీ లేదు. ఆ లోటును ఈ చక్రం చాలావరకు తీరుస్తుంది. పాత సింథసైజరును ఇష్టపడేవాళ్లు మొదట చెప్పేది ఈ చేతివాటం గురించే. ఒక్కో పనికి ఒక్కో నాబ్. తెర మీద పట్టికలు వెతుక్కోవడం లేదు. తిప్పిన క్షణంలోనే ఫలితం చెవికి తెలుస్తుంది.

ఒక డిగ్రీకి నాలుగు సెంట్లు

ఇప్పుడు శ్రుతి జారే సంగతికి వద్దాం. ఏ మీట నొక్కారో డోలకానికి ఎలా తెలుస్తుంది? వోల్టేజిని బట్టి. మోగ్ పెట్టిన పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. అంటే షడ్జం నుంచి పైషడ్జానికి. స్థాయిలో స్వరస్థానాలు 12 కాబట్టి ఒక్కోదానికి వోల్టులో పన్నెండోవంతు, సుమారు 83 మిల్లీవోల్టులు.

ఇందులో ఒక చిక్కుంది. స్థాయి పెరిగినప్పుడల్లా పౌనఃపున్యం రెట్టింపవుతుంది. 110, 220, 440, 880. వోల్టులేమో 1, 2, 3, 4 అని వరసగా కూడుతూ పోతాయి. కూడికను గుణకారంగా మార్చేదేదో మధ్యలో ఉండాలి. మీరైతే లాగరిథమ్ పట్టిక తెరుస్తారు. ప్రకృతి ఆ పట్టికను ట్రాన్సిస్టరులోనే పెట్టి ఉంచింది. మామూలు వేడిమిలో దాని ద్వారం దగ్గర 18 మిల్లీవోల్టులు పెంచితే చాలు, దానిలో ప్రవాహం రెట్టింపవుతుంది. మరో 18 పెంచితే నాలుగురెట్లు. ఆ ప్రవాహంతో డోలకాన్ని నడిపితే పని జరిగిపోయింది!

జరిగిపోయింది కాని, ఆ 18 అనే సంఖ్య స్థిరమైనది కాదు. అది పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో మారుతుంది. గది 27 డిగ్రీల సెల్సియస్ అంటే 300 కెల్విన్. ఒక్క డిగ్రీ పెరిగితే 300లో ఒక వంతు తేడా. సంగీతశాస్త్రజ్ఞులు ఒక స్థాయిని 1200 సెంట్లుగా విభజిస్తారు. అందులో 300వ వంతు 4 సెంట్లు. శ్రుతి సరిచేసుకున్న స్వరానికి మూడు స్థాయిల దూరంలో అది 12 సెంట్లవుతుంది. చెవి తయారైనవాళ్లు ఈ పాటి తేడాను ఇట్టే పట్టేస్తారు. వేదిక మీద దీపాలు వెలిగి పెట్టె అయిదారు డిగ్రీలు వేడెక్కిందంటే ఏమవుతుందో మీరే లెక్కవేసుకోండి.

ఇంజనీర్లు ఊరుకోలేదు. వేడితోపాటు మారే నిరోధకాలను అడ్డం పెట్టి ఈ తప్పును చాలావరకు దిద్దారు. అయినా పూర్తిగా నయం కాలేదు. వెండీ కార్లోస్ 1968లో మోగ్ యంత్రంతో బాఖ్ సంగీతాన్ని వాయించి 'స్విచ్డ్-ఆన్ బాఖ్' అనే రికార్డు చేసినప్పుడు, ఒక్కో స్వరపంక్తిని విడివిడిగా టేపు మీద పేర్చుకుంటూ, మాటిమాటికీ ఆగి శ్రుతి సరిచూసుకోవలసి వచ్చింది. ఆ రికార్డు ప్రపంచమంతా పాకింది. దాని వెనక ఎన్ని గంటలు ఈ నాలుగు సెంట్లతో కుస్తీ పట్టడానికే పోయాయో వినేవాళ్లకు తెలియదు.

తప్పులోని ప్రాణం

ఇంత చెడ్డగుణాన్ని ఎవరైనా మెచ్చుకుంటారా? మెచ్చుకుంటారు. ఎందుకో తంబురాను అడగండి.

తంబురాలో నడుమ ఉండే సారణి, అనుసారణి తీగెలు రెండూ ఒకే షడ్జానికి శ్రుతిచేస్తారు. కాని రెండు తీగెలు అక్షరాలా ఒకటిగా ఎన్నడూ ఉండవు. ఒకటి సెకనుకు 220 సార్లు, రెండోది 220.5 సార్లు కంపిస్తున్నాయనుకోండి. ఒకప్పుడు రెండూ కలిసి ఊగుతాయి, శబ్దం హెచ్చుతుంది. ఇంకొకప్పుడు ఎదురెదురుగా ఊగుతాయి, తగ్గుతుంది. రెండు సెకన్లకొకసారి ఈ హెచ్చుతగ్గులు వస్తాయి. ఇవే మీ పాఠంలోని విస్పందనాలు.

పాఠంలో చెప్పని సంగతి ఒకటుంది. అనుస్వరాలూ విస్పందిస్తాయి! 440కీ 441కీ మధ్య సెకనుకు ఒకటి. 660కీ 661.5కీ మధ్య ఒకటిన్నర. ఒక్కో అనుస్వరం ఒక్కో వేగంతో పెరిగి తరుగుతూ ఉంటుంది. అందువల్ల నాదం రంగు ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు, నీటి మీద ఎండలా మెరుస్తూ ఉంటుంది. మినీమోగ్‌లో మూడు డోలకాలున్నాయి. మూడూ ఒకే స్వరం పలుకుతూ మూడూ కాస్త కాస్తగా, ఎవరికి వారుగా జారుతుంటాయి. వినేవారికి ఒక యంత్రం కాదు, ముగ్గురు మనుషులు కలిసి పాడినట్టు తోస్తుంది. ఒక వయొలిన్‌కూ, పది వయొలిన్ల బృందానికీ నిండుదనంలో తేడా ఇందుకే.

తరవాతి కథ చిత్రమైనది. 1978లో ప్రోఫెట్-5 అనే అయిదు గొంతుల సింథసైజరు వచ్చింది. మైక్రోప్రాసెసరు పెట్టినందువల్ల అది కుదిర్చిన నాదాలను గుర్తుపెట్టుకుంటుంది. ఒక బొత్తాం నొక్కితే తన డోలకాలను తానే కొలుచుకుని శ్రుతి దిద్దుకుంటుంది. 1983లో యమహా కంపెనీ డీఎక్స్7 తెచ్చింది. అందులో లెక్కలే గాని ఊగే వోల్టేజి లేదు. శ్రుతి జారడమన్న మాటే లేదు. సంగీతకారులు సంబరపడి పాత యంత్రాలను అయినకాడికి అమ్మేశారు. మళ్లీ కొన్నేళ్లకు, ఏదో పోయిందని వాళ్లకే అనిపించింది. ఇప్పుడు కంప్యూటరులో పాత సింథసైజరును అనుకరించే ప్రోగ్రాములు రాసేవాళ్లు, ప్రతి డోలకమూ కొంచెం కొంచెం జారేటట్టు కావాలని లెక్కలు కలుపుతున్నారు!

టీబీ-303 కథ ఇంకా చిత్రం. గిటారు వాయించేవాళ్లకు తోడుగా మంద్రస్వరాలు పలకడానికి దాన్ని చేశారు. అసలు గిటారుకు అది ఏమాత్రం పోలలేదు. కొనేవాళ్లు లేక 1984లో ఆపేశారు. అయితే అంతలోనే, 1982లో, బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ దాని మీద రాగాలు పలికించి ఒక రికార్డు చేశాడు. పది రాగాలు, డిస్కో తాళం. అందులో స్వరం నుంచి స్వరానికి జారే సౌకర్యం ఉందని ఆయన గమనించాడు. రికార్డు అమ్ముడుపోలేదు. తరవాత అమెరికాలోని చికాగోలో ఈ పెట్టెలు కారుచౌకగా దొరుకుతుంటే కొందరు కుర్రాళ్లు కొని, దాని ఫిల్టరును అడ్డదిడ్డంగా తిప్పి, 1987లో కొత్త నృత్యసంగీతాన్నే పుట్టించారు. చరణ్‌జిత్ సింగ్ రికార్డును 2010లో మళ్లీ వెలువరించినప్పుడు విదేశీయులు ముక్కున వేలేసుకున్నారు. ఈ వాద్యాలకూ మన దేశానికీ సంబంధం అంతకుముందే ఉంది. అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ ఒక మోగ్ యంత్రాన్ని ఏర్పాటు చేశాడు. అక్కడ మనవాళ్లు చేసిన ప్రయోగాల టేపులు దశాబ్దాలపాటు అరల్లో పడి ఉండి, 2023లో గాని రికార్డుగా బయటికి రాలేదు.

కోనేటి మెట్లు

ఇంతవరకు చెప్పినది శబ్దాన్ని పుట్టించే యంత్రం. శాంప్లరు అలా కాదు, అది ఉన్న శబ్దాన్ని దాచుకుంటుంది. కుక్క మొరుగును దాచి, మీటల మీద సరిగమలుగా వాయించవచ్చు.

దాచడమెలా? ఒక కోనేటి ఒడ్డున కూర్చోండి. నీటిమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంది. గంట కొట్టినప్పుడల్లా నీరు ఎన్నో మెట్టు దగ్గర ఉందో చూసి పుస్తకంలో రాసుకోండి. ఆ అంకెలే శబ్దం. రెండు విషయాలు ముఖ్యం. గంట ఎంత తరచుగా కొడుతున్నారు? మెట్లెన్ని ఉన్నాయి?

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు 1979లో ఫెయిర్‌లైట్ అనే శాంప్లరు తెచ్చారు. మొదట వాళ్లు శబ్దాన్ని లెక్కలతో పుట్టించాలనే ప్రయత్నించారు, కుదరలేదు. ఒకనాడు వోగెల్ రేడియోలో వస్తున్న పియానో సంగీతంలోంచి ఒక్క సెకను ముక్కను యంత్రంలోకి ఎక్కించి వేర్వేరు శ్రుతుల్లో వాయించి చూశాడు. అన్నాళ్లూ లెక్కలతో చేసిన శబ్దాలన్నిటికంటె అదే సహజంగా ఉంది.

ఆ యంత్రంలో ఒక్కో గొంతుకు ఉన్న స్థలం 16,384 అంకెలు. సెకనుకు 16,384 సార్లు గంట కొడితే సరిగ్గా ఒక సెకనులో పుస్తకం నిండిపోతుంది. కోనేటికి మెట్లు 256 మాత్రమే. నేటి సీడీలోనైతే 65,536 మెట్లు, సెకనుకు 44,100 గంటలు. ఫెయిర్‌లైట్ ధరకు అప్పట్లో ఇంగ్లండులో ఒక చిన్న ఇల్లు వచ్చేది!

256 మెట్లతో ఏమవుతుంది? శబ్దం గట్టిగా ఉన్నప్పుడు పెద్ద లోటు తెలియదు. గుడిగంట కొట్టి వదిలితే ఆ మోత సన్నగిల్లుతూ పోతుంది కదా. చివరకు నీరు అడుగునున్న రెండు మూడు మెట్ల మధ్యనే ఆడుతూ ఉంటుంది. సున్నితమైన ఊపును అంత మొరటు కొలతతో రాస్తే ఆ కొస నలిగి గరగరలాడుతుంది. ఆ గరగర కోసమే ఈనాడు కొందరు ఆ యంత్రాలను వెతుకుతారు.

శ్రుతి పెంచడానికి తొలినాటి శాంప్లరు చేసే పని ఒక్కటే. రాసుకున్న అంకెలను వేగంగా చదువుతుంది. రెట్టింపు వేగంతో చదివితే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది, నిడివి సగమవుతుంది. పాడినవాడు భీమసేనుడైనా సరే, గొంతు చిట్టిపిల్లవాడిదైపోతుంది. ఎందుకంటే స్వరంతోపాటు అతని నోటి ఆకారపు గుర్తులు, అంటే ఇందాకటి ఫిల్టరు గుర్తులు కూడా పైకి పోయాయి. నోరు సగానికి కుంచించుకుపోయినట్టు చెవి భ్రమపడుతుంది. (మీ ఫోనులో పాఠాన్ని ఒకటిన్నర వేగంతో వింటే మాస్టారి గొంతు మారదు. అది లెక్కలతో శ్రుతిని దిద్దుతుంది కాబట్టి.)

ఈ పద్ధతిని అవసరం ఎలా వాడుకున్నదో చూడండి. 1987లో అమెరికాలో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లరులో మొత్తం 10 సెకన్ల శబ్దమే పడుతుంది. న్యూయార్కు నగరంలో ర్యాప్ పాటలు కట్టేవాళ్లకు పాత గ్రామఫోను రికార్డుల నుంచి ముక్కలు కావాలి. పది సెకన్లు చాలవు. వాళ్లేం చేశారంటే, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్లు తిప్పి ఎక్కించారు. వేగం 1.35 రెట్లు. పది సెకన్లలో పదమూడున్నర సెకన్ల సంగీతం! తరవాత శాంప్లరులో అంకెలను అంతే నెమ్మదిగా చదివిస్తే పాట మళ్లీ అసలు శ్రుతికి వస్తుంది.

కాని ఏదీ ఊరికే రాదు. ఆ యంత్రం సెకనుకు 26,040 సార్లు గంట కొడుతుంది. పట్టుకోగలిగిన అత్యధిక పౌనఃపున్యం అందులో సగం, 13,000. నెమ్మదించాక అది 9,600కు దిగుతుంది. పైన ఉండాల్సిన తళుకు పోయి నాదం ముదురు రంగు తేలుతుంది. పైగా ఒక్కో మెట్టు మీద నిలబడి మరోదానికి గెంతే ఆ అంచుల్లోంచి అసలు పాటలో లేని సన్నని లోహపు ధ్వని చేరుతుంది. పిసినారితనం కోసం చేసిన పని ఒక తరం సంగీతానికి గుర్తుపట్టే ముఖమైంది.

ఈ యంత్రాలు అందరికీ ఆనందం పంచలేదని కూడా చెప్పాలి. ఫెయిర్‌లైట్‌లో ఒక ప్రసిద్ధ శబ్దం ఉంది. స్ట్రావిన్‌స్కీ 'ఫైర్‌బర్డ్' రికార్డులోంచి తీసిన, వాద్యబృందమంతా ఒక్కసారి మోగే ఒకే ఒక్క దెబ్బ. ఒక వేలితో నొక్కితే అంతమంది మోగుతారు. మరి ఆ మనుషులకు పనేది? 1982లో బ్రిటన్‌లోని సంగీతకారుల సంఘానికి చెందిన ఒక లండను శాఖ సింథసైజర్లను నిషేధించాలని తీర్మానమే చేసింది. నిషేధం రాలేదు. మన మద్రాసు రికార్డింగు థియేటర్లలోనూ కీబోర్డులు వచ్చిన తరవాత తీగెవాద్యాల వరసలు పలచబడ్డాయి. ఈ రోజు పాత యంత్రాన్ని ముద్దుచేసేవాళ్లు, అది కొత్తగా ఉన్నప్పుడు కొందరి అన్నంలో చెయ్యిపెట్టిందన్న సంగతి మరిచిపోకూడదు.

ఇప్పుడు ఆ యంత్రాలే కరువయ్యాయి. లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. జ్ఞాపకాన్ని నిలబెట్టే బ్యాటరీ కారి, రాగి బాటలను తినేస్తుంది. శబ్దాలు దాచిన ఫ్లాపీ డిస్కుల మీద అయస్కాంతపు గీతలు చెదిరిపోతాయి. కొన్ని భాగాలను మళ్లీ చేయడం సాధ్యం కాదు. జపానులో 1980లో వచ్చిన టీఆర్-808 అనే తాళయంత్రంలో ఒక రకం చిరుగంటల 'స్‌స్‌స్' ధ్వనికి లోపమున్న ట్రాన్సిస్టర్లను ఏరి వాడామని రోలండ్ కంపెనీ స్థాపకుడు కకెహాషి స్వయంగా చెప్పాడు. కర్మాగారాల పనితనం మెరుగుపడి లోపమున్నవి దొరకడం మానేసరికి, ఆ యంత్రాన్నే ఆపేయాల్సి వచ్చిందట.

ఇక మీ వంతు. ఇంట్లో రెండు ఫోన్లుంటే, శబ్దం పుట్టించే ఉచిత ప్రోగ్రామును రెండిటిలోనూ పెట్టండి. ఒకదానికి 220, రెండోదానికి 221 ఇచ్చి పక్కపక్కన ఉంచి వినండి. సెకనుకొక ఊపు తెలుస్తుంది. తరంగం ఆకారాన్ని రంపపు పళ్లకు మార్చి మళ్లీ వినండి. ఈసారి ఊపు ఒకటేనా, చాలా ఉన్నాయా? 220కి 220.2 ఇస్తే మొదటి ఊపు ఎన్ని సెకన్లకొకసారి రావాలి? అయిదో అనుస్వరానిది? లెక్క ముందు వేసి, తరవాత గడియారం చూస్తూ వినండి.